జెట్టీ దాకా వచ్చిన విశ్వవిద్యాలయం

మినియాపోలిస్ అమెరికా నడిబొడ్డున ఉన్న ఊరు. గోధుమలకూ పిండి మిల్లులకూ పేరు. అక్కడి నుంచి అట్లాంటిక్ తీరం చేరాలంటే పదిహేను వందల కిలోమీటర్ల పైమాటే. సముద్రం ఊసే లేని ఆ ఊళ్లో 1963లో అమెరికన్ ఫిషరీస్ సొసైటీ సమావేశం జరిగింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో టెక్నాలజీ విభాగానికి డీన్‌గా ఉన్న అథెల్‌స్టన్ స్పిల్‌హాస్ ఆ సభలో ఒక ఆలోచన చెప్పారు. సేద్యం కోసం దేశమంతా ‘ల్యాండ్ గ్రాంట్’ కాలేజీలు పెట్టుకున్నాం కదా, సముద్రం కోసం ‘సీ గ్రాంట్’ కాలేజీలు ఎందుకు పెట్టుకోకూడదన్నది దాని సారాంశం.

స్పిల్‌హాస్ మామూలు డీన్ కాదు. పుట్టింది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో. సముద్రంలో లోతుకు పోయేకొద్దీ వేడి ఎలా మారుతుందో గీసి చూపే బాతీథర్మోగ్రాఫ్ అనే పరికరం ఆయన చేతుల మీదుగా వచ్చిందే. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల జాడ పట్టేవాళ్లకూ, తప్పించుకునేవాళ్లకూ కూడా అది పనికొచ్చింది. మరోపక్క ఆదివారం పత్రికల్లో పిల్లలకు సైన్సు చెప్పే ‘అవర్ న్యూ ఏజ్’ అనే బొమ్మల కథ ఏళ్ల తరబడి రాశారు. శాస్త్రం ప్రయోగశాలలో పుట్టినా వీధిలోకి రావాలన్న పట్టుదల ఆయన చేసిన ప్రతి పనిలోనూ కనిపిస్తుంది.

ఆయన ఉదాహరణగా చూపిన ల్యాండ్ గ్రాంట్ సంగతి కాస్త తెలుసుకోవాలి. 1862లో, లింకన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, మోరిల్ చట్టం వచ్చింది. ఒక్కో రాష్ట్రానికి కాంగ్రెస్‌లో ఎంతమంది సభ్యులుంటే అన్ని ముప్పై వేల ఎకరాల చొప్పున కేంద్రం భూమి ఇచ్చింది. అది అమ్మి వచ్చిన సొమ్ముతో సేద్యం, యంత్ర విద్యలు నేర్పే కాలేజీలు పెట్టుకోమంది. 1887లో వాటికి పరిశోధన కేంద్రాలు తోడయ్యాయి. 1914లో అసలు మలుపు వచ్చింది. కాలేజీలో కనిపెట్టిన దాన్ని పొలం గట్టు మీదికి తీసుకెళ్లడానికి జిల్లాకో మనిషిని పెట్టారు. వాళ్లు ‘కౌంటీ ఏజెంట్’ అన్నారు, మనం విస్తరణాధికారి అంటాం.

ఇందులో మనకు తెలియని కొత్త వింతేమీ లేదు. 1964లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు దానికి తోడ్పాటు అందించింది కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ. మోరిల్ చట్టం కింద కొత్తగా పుట్టిన తొలి ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయం అదే. తరగతి గది, పరిశోధన కేంద్రం, విస్తరణ విభాగం ఒకే గొడుగు కింద ఉండాలన్న పద్ధతి అలా తెలుగు నేల మీదికి వచ్చింది. తరవాత ఆచార్య ఎన్జీ రంగా పేరు పెట్టుకున్న ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన వరి రకాలు కోస్తా రైతుకు ఇంట్లో మనుషుల్లాగే పరిచయం.

ల్యాండ్ గ్రాంట్ మన దాకా వచ్చింది. సీ గ్రాంట్ రాలేదు.

స్పిల్‌హాస్ ఆలోచనను చట్టంగా మార్చే పని రోడ్ ఐలండ్ సెనేటర్ క్లైబోర్న్ పెల్ భుజాన వేసుకున్నారు. పేద విద్యార్థులకు ఇచ్చే ‘పెల్ గ్రాంట్’కు తరవాత పేరైంది కూడా ఆయనే. ప్రతినిధుల సభలో ఫ్లోరిడా సభ్యుడు పాల్ రోజర్స్ పూనుకున్నారు. 1965లో రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో శాస్త్రవేత్తలు కూడి ముసాయిదా మీద చర్చించారు. 1966 అక్టోబరు 15న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశారు. తీరానికి దూరంగా సముద్రం అడుగున తీసే చమురు మీద ప్రభుత్వానికి వచ్చే ఆదాయంలో ఒక వాటాను దీనికి శాశ్వతంగా కేటాయించాలని పెల్ మొదట అనుకున్నారు. అది సాగలేదు. ఏటా బడ్జెట్‌లో ఎంత ఇస్తే అంత అన్న ఏర్పాటుతో సరిపెట్టుకున్నారు. పేరులో గ్రాంట్ ఉంది గానీ ఎకరం లేదు, చమురు లేదు. ఆ రాజీకి తరవాత ఎంత మూల్యం చెల్లించాల్సి వచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

మొదట్లో ఇది నేషనల్ సైన్స్ ఫౌండేషన్ చేతిలో ఉండేది. 1970లో సముద్ర, వాతావరణ వ్యవహారాలు చూసే ‘నోవా’ ఏర్పడగానే దాని కిందికి మారింది. 1971లో ఆరెగన్ స్టేట్, రోడ్ ఐలండ్, టెక్సస్ ఏ అండ్ ఎం, వాషింగ్టన్ విశ్వవిద్యాలయాలకు తొలి సీ గ్రాంట్ హోదా దక్కింది. ఇప్పుడు 34 కార్యక్రమాలున్నాయి. కోస్తా రాష్ట్రాలతో పాటు గ్రేట్ లేక్స్ చుట్టూ ఉన్న రాష్ట్రాలు, ప్యూర్టోరికో, గువామ్ కూడా ఇందులో భాగమే. మంచినీటి సరస్సుకు సీ గ్రాంట్ ఏమిటని నవ్వుకునేవాళ్లున్నారు. కానీ 1980ల చివర్లో ఓడల అడుగు నీళ్లతో కలిసి వచ్చిన జీబ్రా మసెల్ అనే చిన్న గుల్లజీవి ఆ సరస్సుల్లో తిష్ఠ వేసి, నీటి గొట్టాలు పూడ్చేస్తుంటే ఊళ్లూ కరెంటు కేంద్రాలూ తొక్కిన గడపల్లో సీ గ్రాంట్ ఆఫీసులూ ఉన్నాయి.

డబ్బు లెక్క సులువే. కేంద్రం రెండు డాలర్లిస్తే రాష్ట్రమో విశ్వవిద్యాలయమో ఇంకెవరైనా స్థానికంగా ఒక డాలరు కలపాలి. సొంత సొమ్ము పెట్టినవాడు పని ఎలా జరుగుతోందో అడుగుతాడు కాబట్టి పరిశోధన అంశాలు వాషింగ్టన్‌లో కాక తీరంలోనే తేలుతాయి. ఇటీవలి ఏళ్లలో కేంద్రం వాటా సుమారు ఎనిమిది కోట్ల డాలర్లు. అమెరికా బడ్జెట్‌లో అది కంటికి ఆనని మొత్తం.

ఇంత చిన్న సొమ్ముతో ఏం జరిగిందో తెలియాలంటే జార్జియా రాష్ట్రంలోని డేరియన్ అనే రొయ్యల వేట ఊరికి వెళ్లాలి. 1960ల చివర్లో అక్కడ సింకీ బూన్ అనే మత్స్యకారుడికి జెల్లీ ఫిష్‌లతో ప్రాణం విసిగిపోయింది. ఫిరంగి గుండంత గుండ్రటి జెల్లీ ఫిష్‌లు వలనిండా పడి, రొయ్యకు చోటు లేకుండా చేసేవి. వల బరువెక్కి చిరిగేది. బూన్ ఊచలతో ఒక చట్రం చేసి వల గొంతులో ఏటవాలుగా బిగించాడు. రొయ్యలు ఊచల సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి. పెద్దవి ఊచలకు తగిలి, వాలు వెంట జారి, పైనో కిందో కత్తిరించి ఉంచిన కంతలోంచి బయటపడతాయి. ఆ కంతకు వలగుడ్డే మూతగా వేలాడుతుంది. బరువు తగిలితే తెరుచుకుని, పోగానే మళ్లీ మూసుకుంటుంది. చదువుకున్న ఇంజనీరు గీసిన నమూనా కాదిది, డెక్కు మీద పుట్టిన ఉపాయం. ‘జార్జియా జంపర్’ అని పేరుపడింది.

జెల్లీ ఫిష్‌తో పాటు తాబేలు కూడా బయటపడుతోందని తరవాత గుర్తించారు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. వలలో ఇరుక్కుని పైకి రాలేకపోతే చచ్చిపోతుంది. అమెరికా తీరంలో సముద్ర తాబేళ్ల చావుకు మనుషుల వైపు నుంచి అన్నిటికన్నా పెద్ద కారణం రొయ్యల ట్రాల్ వలలేనని 1990లో అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ తేల్చింది. అంతకు ముందే ఈ చట్రాలను పరీక్షించే పనిలో సీ గ్రాంట్ సాయంతో నడిచే జార్జియా విశ్వవిద్యాలయం విస్తరణ విభాగం దిగింది. వాళ్ల దగ్గర ‘జార్జియా బుల్‌డాగ్’ అనే పడవ ఉంది. అదీ పాత రొయ్యల పడవే, పరిశోధనకు మార్చుకున్నారు. మత్స్యకారులు తెచ్చిన నమూనాలను దాని మీదే సముద్రంలోకి తీసుకెళ్లి, వల లాగి, ఎన్ని రొయ్యలు మిగిలాయో ఎన్ని జారిపోయాయో లెక్క కట్టారు. ‘టెడ్’ అని ప్రపంచమంతా పిలిచే తాబేళ్ల విడుదల పరికరం అలా తయారైంది.

1987లో ప్రభుత్వం టెడ్ తప్పనిసరి చేయగానే గొడవ మొదలైంది. రొయ్యలు పోతాయన్న భయంతో 1989లో టెక్సస్, లూసియానా పడవలవాళ్లు రేవుల మూతులకు పడవలు అడ్డం పెట్టి ఓడల రాకపోకలు ఆపేశారు. తన రాష్ట్ర సిబ్బంది ఈ నిబంధన అమలు చేయకూడదని లూసియానా ఏకంగా చట్టమే చేసింది, 2015 దాకా దాన్ని ఎత్తేయలేదు. ఇలాంటి వేడిలో సీ గ్రాంట్ ఏజెంటుకు ఉన్న ఒకే బలం ఏమిటంటే అతనికి అధికారం లేకపోవడం. జరిమానా వేయలేడు, లైసెన్సు రద్దు చేయలేడు, వలా మందూ అమ్మడు. చట్రం ఏ కోణంలో పెడితే రొయ్య తక్కువ పోతుందో చూపిస్తాడు, అంతే. పోలీసూ కాక, వ్యాపారీ కాక, చదువుకున్నవాడు మత్స్యకారుడి పక్కన నిలబడే చోటు ఒకటి ఉండాలని ఈ కార్యక్రమం గుర్తించింది. దాని గొప్పతనమంతా నా దృష్టిలో ఇక్కడే ఉంది.

డేరియన్ కథకు ఒక తమాషా కొసమెరుపుంది. బూన్ వదిలించుకోవాలని చూసిన అదే జెల్లీ ఫిష్‌ను ఆరబెట్టి ఆసియా దేశాలకు ఎగుమతి చేసే వ్యాపారం ఆ ఊళ్లోనే వెలిసింది.

ఆ చట్రం ప్రభావం బంగాళాఖాతం దాకా పాకింది. టెడ్ వాడని దేశాల సముద్రపు రొయ్యలు కొనకూడదని అమెరికా 1989లో చట్టం చేసి, 1996లో దాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998 అక్టోబరులో తీర్పు వచ్చింది. తాబేళ్లను కాపాడే ఉద్దేశం సబబే గానీ దేశాల మధ్య వివక్ష చూపిస్తూ అమలు చేసిన తీరు తప్పని చెప్పింది. అమెరికా పద్ధతి సవరించుకుంది, నియమం మాత్రం వదల్లేదు. 2019లో మన సముద్రపు రొయ్యల దిగుమతి మళ్లీ ఆపేసింది. భీమవరం చెరువు రొయ్యకు ఈ నిషేధం లేదు కాబట్టి దీని గురించి మన దగ్గర పెద్దగా చప్పుడు కాలేదు. దెబ్బ తగిలింది విశాఖ, కాకినాడ మరబోట్లకు.

కొచ్చిలో ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు, మన వలలకు సరిపోయే టెడ్ రూపొందించింది. ఆ సంస్థకు విశాఖలోనూ కేంద్రం ఉంది. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చచ్చి మన తీరానికి కొట్టుకురావడం ఏటా చూస్తున్నదే. అయినా టెడ్ కట్టమంటే సరంగు వేసే ప్రశ్న డేరియన్‌లో వేసిందే: కంతలోంచి ఎంత సరుకు పోతుంది? దానికి జవాబు కరపత్రంలో దొరకదు. ఒక మనిషి బోటెక్కి, రెండు వలలు పక్కపక్కన లాగించి, డెక్కు మీద పోసి తూచి చూపించాలి.

సీ గ్రాంట్ కథలన్నీ ఇలా తగాదాలతో నిండినవి కావు. ఆల్చిప్పల కథ చూడండి. అమెరికాలో ఆల్చిప్పను పచ్చిగా నిమ్మకాయ పిండుకుని తింటారు. ఎండాకాలంలో అవి గుడ్లు పెట్టే దశకు వచ్చి, కండ కరిగి, పాలలా పల్చబడతాయి, రుచి చెడుతుంది. అంటే పర్యాటకులు వచ్చే నెలల్లోనే సరుకు పనికిరాకుండా పోతుంది. 1980 ప్రాంతంలో మెయిన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న స్టాండిష్ అలెన్ దీనికి మందు వెతికాడు. మామూలుగా జీవకణంలో క్రోమోజోములు రెండు సెట్లుంటాయి. మూడు సెట్లుండేలా చేస్తే ఆల్చిప్పకు సంతాన శక్తి ఉండదు, గుడ్ల మీద పెట్టే శక్తంతా కండగా మారుతుంది. మనం తినే అరటిపండులో గింజ లేకపోవడానికీ కారణం ఈ మూడు సెట్లే. తరవాత పసిఫిక్ తీరానికి వెళ్లి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సహచరులతో కలిసి ఆ పద్ధతిని హేచరీలకు అందేలా మెరుగుపరిచాడు. ఈ దారిలో సీ గ్రాంట్ సొమ్ము తోడుంది. ఇప్పుడు అక్కడి ఆల్చిప్పల సాగులో ఇది మామూలు సంగతి.

దీని మీద పేటెంటు అడిగితే 1987లో పేటెంటు ఆఫీసు అప్పీళ్ల బోర్డు విచిత్రమైన తీర్పిచ్చింది. ఇది అప్పటికే తెలిసిన పద్ధతి నుంచి తేలిగ్గా తట్టేదే కాబట్టి వీళ్లకు పేటెంటు లేదు, అయితే ప్రకృతిలో లేని జంతువును మనిషి తయారు చేస్తే దానికి పేటెంటు ఇవ్వొచ్చు అంది. అడిగినవాళ్లకు దక్కలేదు గానీ మరుసటి ఏడే హార్వర్డ్ విశ్వవిద్యాలయం తయారు చేసిన ఎలుకకు దక్కింది. జంతు పేటెంట్ల మీద ప్రపంచంలో జరిగిన రభసకు ఒక మొదలు ఈ ఆల్చిప్ప.

ఇక బీచ్‌లో మునిగిపోయేవాళ్ల సంగతి. ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోయే ‘రిప్ కరెంట్’ సెకనుకు రెండు మీటర్లు దాటే వేగంతో పోగలదు, ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. చాలామంది అది కిందికి లాగుతుందనుకుంటారు. కాదు, బయటికి లాగుతుంది. కంగారుపడి ఒడ్డు వైపే ఈది, అలిసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం ఈదితే ఆ పాయ దాటిపోవచ్చు, తరవాత అలల సాయంతో ఒడ్డుకు ఈదొచ్చు. ఈ ఒక్క విషయాన్ని బొమ్మగా గీసిన బోర్డును అమెరికా వాతావరణ శాఖ, సీ గ్రాంట్, బీచ్ రక్షకుల సంఘం కలిసి తయారు చేసి 2000ల నడుమ నుంచి ఎన్నో బీచ్‌లలో నాటించాయి. విశాఖ ఆర్కే బీచ్, యారాడలు ఈ ప్రవాహాలకు పెట్టింది పేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు వాటిని అధ్యయనం చేశారు కూడా. ఆదివారం సాయంత్రం అక్కడికొచ్చే జనంలో ఎటు ఈదాలో ఎంతమందికి తెలుసో వేరే చెప్పక్కర్లేదు.

ఇన్ని చేసినా సీ గ్రాంట్ ఏటా ప్రాణం అరచేతిలో పెట్టుకునే బతుకుతోంది. చమురు వాటా దక్కకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇదే. 1980ల్లో రీగన్ ప్రభుత్వం దీనికి బడ్జెట్‌లో సున్నా చుట్టింది, కాంగ్రెస్ మళ్లీ నింపింది. 2017లో ట్రంప్ ప్రభుత్వం కూడా ఎత్తేస్తానంది, కాంగ్రెస్ మళ్లీ అడ్డుపడింది. 2025 ఫిబ్రవరి ఆఖర్లో మెయిన్ రాష్ట్రం ఒక్కదాని గ్రాంటును హఠాత్తుగా ఆపేశారు. లాబ్‌స్టర్లకు పేరుపడ్డ తీరమది. మత్స్యకారులూ, రెండు పార్టీల నాయకులూ గొంతెత్తేసరికి కొద్దిరోజుల్లోనే మళ్లీ బేరం మొదలైంది. ఒక విశ్వవిద్యాలయం గ్రాంటు కోసం వలలు లాగేవాళ్లు కోపం తెచ్చుకోవడం ఏ దేశంలోనైనా అరుదు.

సముద్ర శాస్త్రంలో మనం మొన్న మొన్న పుట్టినవాళ్లం కాదు. 1952లోనే అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ చదువుకు పునాది వేశారు. ముత్తుకూరులో 1991 నుంచి మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. హైదరాబాద్‌లో 1999లో పెట్టిన ఇన్‌కాయిస్ సంస్థ, సముద్రం లేని ఊళ్లో కూర్చునే, ఉపగ్రహాలు పంపిన ఉష్ణోగ్రతలూ నీటి రంగూ చూసి చేపలు ఎటు ఉంటాయో లెక్కగట్టి, ఏ రేవు నుంచి ఏ దిక్కున ఎంత దూరమో తెలుగులో చెబుతుంది. సముద్రం లేని మినియాపోలిస్‌లో తన ఆలోచన చెప్పిన స్పిల్‌హాస్‌కు ఇది నచ్చి ఉండేది. చెరువుల వైపు కాకినాడ కేంద్రంగా 2007 నుంచి ‘నాక్సా’ అనే సంస్థ చిన్న రైతులను సంఘాలుగా కూర్చి సలహాలిస్తోంది. అయినా రొయ్యకు తెల్లమచ్చ జబ్బు కనిపిస్తే రైతు ముందుగా ఫోన్ చేసేది చాలాచోట్ల మేత డీలరుకే. సలహా, సరుకు ఒకే చేతి నుంచి వస్తే ఏమవుతుందో ఎరువుల కొట్టు దగ్గర చూసిందే.

నరసాపురంలో రాష్ట్ర మత్స్య విశ్వవిద్యాలయానికి 2022 నవంబరులో శంకుస్థాపన జరిగింది. అక్కడ ఎన్ని కోర్సులు, ఎన్ని భవనాలు అన్న లెక్కలు వినిపిస్తున్నాయి. నిజాంపట్నం, మచిలీపట్నం, ఉప్పాడ, భీమిలి రేవుల్లో ఒక్కో మనిషిని కూర్చోబెట్టే పోస్టుల లెక్క కూడా అందులో వేసుకుంటే బాగుంటుంది. అతనికి అధికారం వద్దు, అమ్ముకునే సరుకూ వద్దు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు ఒడ్డుకు చేరతాయి, వలలు కుట్టుకుంటారు, ఇంజన్లు విప్పుకుంటారు, సరంగులూ కళాసీలూ ఊళ్లోనే ఉంటారు. టెడ్ చట్రం వల గొంతులో ఎక్కడ కుట్టాలో చూపించడానికి ఆ రెండు నెలలకు మించిన అదను లేదు.